మీటింగ్ ఎక్కడ అని అడిగేవాళ్ళకి

మా గ్రూప్ ఫోన్ కొన్ని సాయంత్రాలు నా దగ్గర ఉంటుంది. మోగుతుంది, ఎత్తుతాను, అవతల కాసేపు ఏమీ వినపడదు. నేను పెట్టెయ్యను. కాసేపటికి గొంతు సవరించుకుని దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు: "అక్కడ పేరు రాయించుకుంటారా అండీ?" తాగుడు మానడం ఎలా అని మొదటే అడిగినవాళ్ళు నాకు గుర్తులేరు. పేరు బయటికొస్తుందా, ఆఫీసులో తెలుస్తుందా, అక్కడ తెలిసిన మొహం ఏదైనా తగులుతుందా, ముందు ఈ టెన్షన్ తీరాలి.

రాయించుకోరు. నేను చెబుతున్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం, మేమంతా ఏఏ అనేస్తాం. రిజిస్టర్ ఉండదు, గుర్తింపు కార్డు అడగరు, ఇంటిపేరుతో ఎవరికీ పని లేదు. అసలు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. మా గ్రూప్‌లో ఒకాయన్ని ఏళ్ళ తరబడి మేం పిలిచిన పేరు ఆయనది కాదని, రిటైర్మెంట్ ఫంక్షన్‌కి రమ్మని కార్డు ఇచ్చినప్పుడు తెలిసింది. ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తున్నాం, పలుకుతున్నాడు.

తెలిసిన మొహం సంగతి మాత్రం అబద్ధం చెప్పను. ఒక్కోసారి తగులుతుంది. నాకు మా ఆఫీసుకి ఆడిట్‌కి వచ్చే ఆయన ఎదురుపడ్డాడు. ఇద్దరం ఒకేసారి తలుపు వైపు చూశాం, పారిపోదామా అని. తర్వాతి ఆడిట్‌లో ఆయన నన్ను ఒక్క వోచర్ దగ్గర కూడా వదల్లేదు, నేనూ వదలమని అడగలేదు. ఆయన ఎందుకొచ్చాడో నేనూ అందుకే వచ్చాను కదా, ఎవరి గురించి ఎవరు బయట చెప్పుకుంటారు?

ఫీజు ఎంత అని కూడా అడుగుతారు. లేదు. మధ్యలోనో చివర్లోనో ఒక డబ్బా తిరుగుతుంది, అద్దెకీ టీకీ వెయ్యగలిగినవాళ్ళు వేస్తారు. కొత్తవాళ్ళని వెయ్యొద్దనే చెబుతాం. బయటివాళ్ళ విరాళాలు తీసుకోకుండా ఎవరి ఖర్చు వాళ్ళే భరించుకోవాలని ఏఏ నియమం. 1950లో ఆమోదించుకున్న 12 సంప్రదాయాల్లో అదొకటి. సభ్యుడు కావడానికి తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు అన్నది ఇంకోటి. మానేసి ఉండాలని ఎక్కడా లేదు, గమనించండి.

ఆ తర్వాతి ప్రశ్న గొంతు బాగా తగ్గించి అడుగుతారు. "ఇప్పుడు కొంచెం తీసుకుని ఉన్నానండీ, అయినా రావచ్చా?" రావచ్చు. ఆ పూట మాట్లాడొద్దంటారు, వెనక కుర్చీలో కూర్చుని వినమంటారు. గొడవ చేస్తే బయటికి తీసుకెళ్ళి పక్కన కూర్చునేవాళ్ళు కూడా ఉంటారు. బండి నడుపుకుంటూ మాత్రం రావద్దని గట్టిగా చెబుతాను.

ఒక్క రకం ఫోన్‌కి మీటింగ్ అడ్రస్ తర్వాత ఇస్తాను, ముందు ఆసుపత్రికి వెళ్ళమంటాను. "పొద్దున్నుంచి ముట్టుకోలేదండీ, చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమటలు" అంటే అది పట్టుదలతో తేలే వ్యవహారం కాదు. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే 6 గంటల నుంచి ఒక రోజు లోపల వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజు తర్వాత కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండెదడ, డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చూసుకోకపోతే ప్రాణం పోవచ్చు. దీనికి మందులున్నాయి, విటమిన్ బి1 ఇస్తారు, కొద్దిరోజులు కనిపెట్టుకుని ఉంటారు. మా గదిలో ఉన్నవి కుర్చీలు, కొన్ని పుస్తకాలు. ఫిట్స్ ఆపడం మావల్ల కాదు. "నేను గట్టివాణ్ణండీ, ఓర్చుకుంటాను" అన్న ఒక కుర్రాడితో వాళ్ళ అక్క ఆటో ఎక్కించేదాకా ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. కోలుకుని మీటింగ్‌కి వచ్చాడు. వచ్చీ రాగానే నన్ను తిట్టాడు, అనవసరంగా భయపెట్టానని.

సరే, మీటింగ్ ఎక్కడుందో కనుక్కోవడం. ఉండాల్సినంత తేలిగ్గా ఉండదు ఈ పని. ఏఏ గ్రూపులు సుమారు 180 దేశాల్లో ఉన్నాయి, చాలా దేశాల్లో సొంత వెబ్‌సైట్, ఫోన్ నంబర్ ఉంటాయి. మీటింగ్ గైడ్ అని వాళ్ళదే ఒక ఉచిత యాప్ ఉంది, మీరున్న చోటికి దగ్గర్లో ఏ రోజు ఏ టైముకి ఏముందో చూపిస్తుంది. కానీ గ్రూపులన్నీ అందులోకి ఎక్కలేదు. అక్కడ దొరక్కపోతే పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగానికి వెళ్ళి సోషల్ వర్కర్‌ని అడగండి. డాక్టరుకి తెలియకపోయినా ఆవిడకి తెలుస్తుంది. తాగుడు మాన్పించే వార్డు ఉన్న చోటైతే ఏఏ వాళ్ళు లోపలికే వచ్చి వారం వారం మీటింగ్ పెడుతుంటారు, నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది.

లిస్టులో కనిపించింది కదా అని నేరుగా బయల్దేరకండి. ఈ గ్రూపులు నడిపేవాళ్ళలో జీతం తీసుకునేవాళ్ళు లేరు. గది ఇచ్చినాయన ఖాళీ చెయ్యమంటే పక్క వీధికి మారతారు. లిస్టు మార్చే పని ఎవరో ఒకరు చెయ్యాలి, ఆ ఎవరో ఒకరికి ఆ నెల తీరిక దొరకదు. నేను మొదట వెళ్ళిన అడ్రస్‌లో ట్యూషన్ సెంటర్ నడుస్తోంది. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. టీచరు తల ఎత్తి, "ఎవరి మదర్ అండీ మీరు?" అంది. వేరే అడ్రస్ అనుకుని వచ్చానని చెప్పి బయటపడ్డాను. నిరాశ పడాలి కదా, పడలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది. నా వంతు ప్రయత్నం నేను చేశాను, లేకపోతే నేనేం చేస్తాను అన్న సంతోషం. ఆ సాయంత్రం ఆ సంతోషంలోనే తాగాను. అందుకే ఫోన్ చేసి వెళ్ళండని ఇంత పోరుతున్నాను. ఖాళీ గది చూసి వెనక్కి తిరిగిన మనిషి మళ్ళీ బయల్దేరడానికి నెలలు పట్టొచ్చు.

ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అన్నది ముందు. ఓపెన్ అంటే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, చదువుకునే డాక్టర్లు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకీ, ఉందేమో అని అనుమానం ఉన్నవాళ్ళకీ మాత్రమే. అనుమానం చాలు, రుజువు అడగరు. తోడు లేకుండా వెళ్ళలేను అనుకుంటే ఓపెన్ మీటింగ్ పట్టుకోండి. ఏ భాషలో మాట్లాడతారో అడగండి. ఆ భవనంలో ఏ గుమ్మం నుంచి రావాలో తప్పకుండా అడగండి, ఎందుకంటే బయట బోర్డు ఉండదు, ఉన్నా అరచెయ్యంత అట్టముక్క. ఇంకొకటి కూడా అడగొచ్చు, "నేను వచ్చేసరికి గేటు దగ్గర ఎవరైనా నిలబడతారా?" అని. సంతోషంగా నిలబడతారు. కొత్తవాళ్ళ కోసం నిలబడితే ఆ పూట తమకీ తాగాలనిపించదని మాలో చాలామందికి అనుభవం.

నా విషయంలో గేటు దగ్గర మనిషి ఉన్నాడు, అడ్రసూ సరిగ్గానే ఉంది, అయినా తేడా జరిగింది.

ఆ భవనం వెనక వరండాలో ఎదురెదురుగా రెండు గదులు. కుర్చీలు మోస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి, ఎంతో దయగా, "రండమ్మా, మీవాళ్ళు ఇటు" అని కుడివైపు గది చూపించాడు. లోపల అందరూ ఆడవాళ్ళే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతమంది ఆడవాళ్ళం ఉన్నామా అనుకుంటూ గోడవైపు కూర్చున్నాను. ముదురాకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ మాట్లాడుతోంది. సీసా ఎక్కడ దాచినా ఇప్పుడు వెతకడం మానేశానని చెబుతోంది. ఇదివరకు ఫ్లష్ ట్యాంకులో చూసేదట, బియ్యం డబ్బాలో చూసేదట, దుప్పట్లు దులిపి చూసేదట. దుప్పట్లు అనగానే నా చేతులు చల్లబడ్డాయి. మా ఇంట్లో సీసా ఉండేది అక్కడే. మా అమ్మ దుప్పట్ల బీరువా తెరిచినప్పుడల్లా ఏం చూసిందో, చూసి ఏమీ అనకుండా ఎలా మూసిందో, అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆవిడ ముగించాక మీటింగ్ నడుపుతున్నావిడ నావైపు తిరిగి, "కొత్తగా వచ్చినట్టున్నారు. మీ ఇంట్లో ఎవరమ్మా?" అని అడిగింది.

"నేనేనండీ" అన్నాను.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆకుపచ్చ చీర ఆవిడ లేచింది. నా మోచెయ్యి పట్టుకుని వరండా దాటించి ఎదురు గదిలోకి తీసుకెళ్ళింది. లోపల ఇరవైమంది దాకా మగవాళ్ళు. "ఈవిడ మీ మనిషి, మా దగ్గరికి పంపారు" అని పెద్దాయనతో చెప్పి, నాతో ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. పెద్దాయన మొహం చూడాలి. తన కుర్చీ నాకిచ్చి తను గంటసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆడవాళ్ళు మీటింగ్‌కి వస్తే వాళ్ళింట్లో మగవాడి కోసం వచ్చారనుకోవడం ఇవాళ్టిది కాదు. 1939లో న్యూయార్క్‌లో మార్టీ మాన్ అనే ఆవిడ ఏఏ మీటింగ్‌కి వెళ్ళేనాటికి అక్కడ దాదాపు అందరూ మగవాళ్ళే. ఆవిడ నిలబడింది, 1944లో తాగుడు ఒక జబ్బు, దానికి చికిత్స ఉంది అని జనానికి చెప్పడానికి ఒక సంస్థే మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా చోట్ల ఆడవాళ్ళకి విడిగా మీటింగులున్నాయి. లేనిచోట ఫోన్‌లోనే అడిగేయండి, "ఆడవాళ్ళెవరైనా వస్తారా?" అని. ఆ ప్రశ్న కోసమే కొన్ని సాయంత్రాలు ఫోన్ నాకిస్తారు.

నేను పొరపాటున కూర్చున్న కుడివైపు గది అల్-అనాన్ వాళ్ళది, అదీ తక్కువదేం కాదు. ఏఏ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో ఇంకొకావిడతో కలిసి అల్-అనాన్ మొదలుపెట్టింది, తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం. పిల్లలకి 1957లో అలటీన్ వచ్చింది. మా ఫోన్‌కి తల్లులు కూడా చేస్తారు, "మీరొచ్చి మావాణ్ణి తీసుకెళ్తారా?" అంటారు. తీసుకెళ్ళలేం. అతను ఫోన్‌లో మాట్లాడతానంటే మాట్లాడతాం, కలుస్తానంటే ఇద్దరం వెళ్తాం, అతనికి ఇష్టం లేకుండా ఏమీ చెయ్యలేం. కానీ "మీరు రండమ్మా" అంటే వాళ్ళకి కోపమొస్తుంది. తాగేది వాడైతే నేనెందుకు రావాలి అంటారు. న్యాయమైన కోపమే. వచ్చినవాళ్ళు మాత్రం ఇంట్లోవాడు మానినా మానకపోయినా రావడం మానడం లేదు.

లోపల ఏం జరుగుతుందంటే, సినిమాల్లో చూపించేంత ఏడుపులేమీ ఉండవు. గంట, మహా అయితే గంటన్నర. ఆ వారం నడిపే మనిషి మొదలుపెడతాడు. కాసేపు మౌనం, ఒక చిన్న ప్రార్థన, మార్చలేనివాటిని ఒప్పుకునే శాంతినీ మార్చగలిగినవాటికి ధైర్యాన్నీ రెంటికీ తేడా తెలిసే వివేకాన్నీ ఇమ్మని. ఏఏ అంటే ఏమిటో ఒక పేరా చదువుతారు, 12 మెట్లు, అంటే మానడానికి ఏఏ చూపించే దారి, వరసగా చదువుతారు. తర్వాత ఒక్కొక్కరు "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి మూడు నాలుగు నిమిషాలు మాట్లాడతారు. మీ వంతొస్తే "ఇవాళ వింటాను" అనొచ్చు. ఆల్కహాలిక్ అన్న మాట నోటికి రాకపోతే అనక్కర్లేదు, నాకు చాలా వారాలు రాలేదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు సలహా ఇవ్వకూడదు, ప్రశ్న వెయ్యకూడదు. అలా మధ్యలో కల్పించుకోవడాన్ని మేం క్రాస్‌టాక్ అంటాం. బయట జీవితంలో నోరు తెరిస్తే చాలు సలహా వచ్చి పడే మనుషులకి అది లేకపోవడమే పెద్ద విశ్రాంతి. చివర్లో కొన్ని గ్రూపుల్లో చిన్న బిళ్ళలు ఇస్తారు, తాగకుండా గడిపిన ఒక రోజుకి, నెలకి, ఏడాదికి. ఒక రోజు బిళ్ళకి చప్పట్లు ఎక్కువ.

అసలు సంగతి మీటింగ్ అయిపోయాక జరుగుతుంది. కుర్చీలు సర్దేటప్పుడు. వెంటనే వెళ్ళిపోకండి, రెండు కుర్చీలు మడతపెట్టండి. అప్పుడు మీ పక్కనున్న మనిషి కాగితం మీద తన నంబర్ రాసిస్తారు. ఆడవాళ్ళకి ఆడవాళ్ళు, మగవాళ్ళకి మగవాళ్ళు నంబర్ ఇవ్వడం మా దగ్గర అలవాటు. ఆ కాగితం తాగాక చెయ్యడానికి కాదు, తాగక ముందు చెయ్యడానికి. ఏం మాట్లాడాలో తెలియకపోతే "ఏం చేస్తున్నారు?" అనండి చాలు, వాళ్ళకి తెలిసిపోతుంది. ఆకలేసిందా, కోపమొచ్చిందా, ఒక్కరే ఉన్నారా, అలసిపోయారా అని నాలుగూ అడుగుతారు. నాకు చాలాసార్లు జవాబు మొదటిదే. తిన్నాక తాగాలన్న కోరిక సగం పోయేది, కాస్త సిగ్గుగా కూడా ఉండేది.

ఈ ఫోన్ వ్యవహారం ఏఏ కన్నా పాతది. 1935 మే నెల, అమెరికాలో ఆక్రన్ అనే ఊరు. బిల్ విల్సన్ న్యూయార్క్ షేర్ మార్కెట్ మనిషి, వ్యాపారం పనిమీద వచ్చాడు, పని చెడింది. మానేసి కొన్ని నెలలే అయింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒకపక్క బార్, ఇంకోపక్క స్థానిక చర్చిల నంబర్ల పట్టిక. పట్టికలోంచి ఒక ఫాదర్‌కి ఫోన్ చేసి, నాకు ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని ఉంది, ఎవరైనా తెలుసా అని అడిగాడు. ఆ వరసలో హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ దొరికింది, ఆవిడ ద్వారా బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట కన్నా కూర్చోను అని వచ్చిన డాక్టర్ బాబ్ దాదాపు ఆరు గంటలసేపు మాట్లాడుతూ ఉండిపోయాడు. తర్వాత ఒకసారి జారాడు, మళ్ళీ మానేశాడు. ఆయన ఆఖరిసారి తాగిన రోజుగా చెప్పుకునే 1935 జూన్ 10ని ఏఏ పుట్టినరోజు అంటారు. ఈ కథలో నాకు నచ్చేది బిల్ అడిగిన సాయం. నన్ను మాన్పించండి అనలేదు, మాట్లాడటానికి ఇంకొకడు కావాలన్నాడు. ఫోన్ చేసేవాళ్ళు నాకు ఇబ్బంది కలిగిస్తున్నామని క్షమాపణలు చెబుతారు. ఇబ్బంది ఏమీ లేదు, లాభం నాకే.

ఇప్పుడు కాస్త ఫిర్యాదులు. అన్ని గ్రూపులూ ఒకలా ఉండవు, కొన్ని నాకు అస్సలు పడలేదు. ఒకచోట ప్రతివాడూ తను ఎంత తాగాడో పోటీపడి చెబుతాడు, ఎలా మానాడో చెప్పేసరికి టైమ్ అయిపోతుంది. ఒకచోట పాతవాళ్ళు ఉపన్యాసాలిస్తారు. ఒకచోట దేవుడు మరీ ఎక్కువ. మెట్లలో దేవుడి మాట ఉన్న మాట నిజమే, "మేము అర్థం చేసుకున్న రీతిలో" అని పక్కనే ఉన్నా సరే. నేను ఆ విషయంలో అటూ ఇటూ కాని మనిషిని. మా గ్రూప్‌లో ఒకాయన తనకన్నా పెద్ద శక్తి ఈ గదిలో కూర్చున్న జనమే అంటాడు, నేనూ దాంతోనే సరిపెట్టుకున్నాను. ఒక పళ్ళ డాక్టరు నచ్చలేదని జన్మంతా దవడ పట్టుకుని కూర్చోం కదా, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తాం. మీటింగులూ అంతే. వేరు వేరు రోజుల్లో వేరు వేరు గదులు తిరగండి, ఏదో ఒకచోట మీ కుర్చీ అనిపిస్తుంది. దాన్నే హోమ్ గ్రూప్ అంటారు.

దేవుడూ మెట్లూ అసలే వద్దనుకుంటే వేరే దారులున్నాయి. స్మార్ట్ రికవరీ 1994లో అమెరికాలో మొదలైంది. ఆలోచన తీరు మార్చుకునే మానసిక చికిత్స పద్ధతుల మీద నడుస్తుంది, శిక్షణ పొందిన మనిషి నడిపిస్తారు. అక్కడ ఒకరితో ఒకరు చర్చించుకోవచ్చు కూడా. ఆడవాళ్ళ కోసమే జీన్ కర్క్‌ప్యాట్రిక్ 1975లో విమెన్ ఫర్ సొబ్రైటీ మొదలుపెట్టింది. వీటి మీటింగులు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతాయి. ఆన్‌లైన్ మీటింగులు ఏఏకి కూడా బోలెడున్నాయి, కెమెరా ఆపుకుని వినొచ్చు, రాత్రి రెండింటికి కూడా ఏదో ఒక దేశంలో ఒకటి నడుస్తూ ఉంటుంది. గేటు దాకా రాలేనివాళ్ళకి నేను ముందు అదే చెబుతాను. కాకపోతే అక్కడే ఉండిపోకండి. కెమెరా ఆపుకుని, పక్కన గ్లాసు పెట్టుకుని వినేవాళ్ళు ఉన్నారని నాకు బాగా తెలుసు.

"ఇవన్నీ పని చేస్తాయా, ఊరికే కబుర్లా?" అని అడిగిన ఇంజినీరు ఒకాయన ఉన్నాడు. ఆయన కోసం వెతికిపెట్టుకున్నది ఇక్కడా రాస్తున్నాను. 2020లో కొక్రేన్ వాళ్ళు, అంటే వైద్య పరిశోధనలన్నీ కలిపి పరిశీలించే సంస్థ, 27 అధ్యయనాలు, మొత్తం 10,565 మంది వివరాలు కలిపి చూశారు. ఒక పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించే చికిత్స తీసుకున్నవాళ్ళలో, ఏడాది తర్వాత కూడా అసలు తాగకుండా ఉన్నవాళ్ళు మిగతా మానసిక చికిత్సల కన్నా ఎక్కువగా తేలారు, సుమారు 42 శాతం, అటువైపు 35 శాతం. ఇంజినీరు కాసేపు ఆలోచించి "అయితే సగం కన్నా ఎక్కువమంది తాగారన్నమాట" అన్నాడు. అవును. అందుకే జారినవాళ్ళు మళ్ళీ వస్తే ఏమయిందని ఎవరూ నిలదీయరు, కుర్చీ చూపిస్తారు.

ఇంకో రెండు మాటలు, వీటిలో మొహమాటం పనికిరాదు. మీ సైకియాట్రిస్ట్ ఇచ్చిన మందులు ఆపెయ్యమని మీటింగ్‌లో ఎవరైనా అంటే వినకండి. ఎంత పాతమనిషి అన్నా సరే. అది ఏఏ మాట కాదు, ఆయన సొంత మాట. అలాగే స్పాన్సర్‌గా, అంటే మెట్ల మీద చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళుగా, ఆడవాళ్ళు ఆడవాళ్ళనే పెట్టుకోండి. కొత్తగా వచ్చిన ఆడపిల్లకి రాత్రిపూట మరీ శ్రద్ధగా మెసేజీలు పెట్టే మగవాళ్ళు ఇక్కడా ఉంటారు. అలాంటివాళ్ళుంటే గ్రూప్‌లో పాత ఆడవాళ్ళకి చెప్పండి, లేకపోతే గ్రూప్ మారండి. అప్పులు అడిగేవాళ్ళూ ఉంటారు. తాగుడు మానినంత మాత్రాన అందరం మంచివాళ్ళం అయిపోలేదు.

అసలు దగ్గర్లో మీటింగే లేకపోతే? ఈ ప్రశ్నకి నాకు ఇష్టమైన జవాబు ఉంది. తాగకుండా ఉండటం కోసం ఇద్దరు ముగ్గురు ఆల్కహాలిక్కులు ఒకచోట చేరి, వేరే ఏ సంస్థకీ తోకగా ఉండకపోతే, తమని తాము ఏఏ గ్రూప్ అనుకోవచ్చని సంప్రదాయాల్లోనే ఉంది. అనుమతి పత్రాలు అక్కర్లేదు. ఫోన్‌లో పరిచయమైన ఒకమ్మాయి, "మగవాళ్ళ ముందు నేను నోరు తెరవలేనక్కా" అని నెలల తరబడి అంటూ ఉంటే, మేమిద్దరం కలిసి ఆడవాళ్ళ మీటింగ్ ఒకటి మొదలుపెట్టాం. గది అడగడానికి వెళ్ళినప్పుడు గది ఉన్నాయన ముందు దేనికి అన్నాడు, చెప్పాను. "మీకా?" అన్నాడు. మాకే అన్నాను. మాట్లాడకుండా తాళం ఇచ్చాడు.

మొదట్లో ఇద్దరమే కూర్చునేవాళ్ళం, ఎదురెదురుగా కూర్చుని పేర్లు చెప్పుకోవాలంటే నవ్వొచ్చేది. ఆ అమ్మాయి రాని వారం నేనొక్కదాన్నే గంటసేపు తలుపు తెరిచి కూర్చుని ఆఫీసు లెక్కలు చూసుకున్నాను. టైమ్ అయ్యాకే తాళం వేశాను, లిస్టులో ఆ టైమ్ రాసి ఉంది కాబట్టి. ఇప్పుడు ఏడెనిమిది మంది వస్తున్నారు. వారం వారం తాళం ఎవరిదో ముందే రాసిపెట్టుకుంటున్నాం, లిస్టులో ఫోన్ నంబర్ మారితే ఆ రోజే మార్పిస్తున్నాం, ఆ పని చెయ్యడం మర్చిపోయేవాళ్ళని నేను పీక్కుతింటానని పేరొచ్చింది. గుమ్మం దగ్గర నిలబడే మనిషి ఎవరినీ చూసి ఊహించకుండా, "మీరు మీకోసం వచ్చారా, ఇంట్లోవాళ్ళ కోసమా?" అని అడగాలని నియమం పెట్టుకున్నాం. ఫ్యాన్ మాత్రం తిరగడం లేదు. బాగు చేయిస్తానని గది ఇచ్చినాయన ఎండాకాలం ముందు నుంచీ అంటున్నాడు.